బడిగదిలో పావుగంట సినిమా

నిన్న మా మనవరాలు ఫోనులో ఏదో షార్ట్ ఫిలిం పెట్టి, నవ్వలేక చస్తావు చూడు నానమ్మా అంటూ నా చేతిలో పెట్టింది. అందులో గడ్డం, టోపీ ఉన్న ఒకాయన, ఆడంగి నడక నడిచే ఇంకొకాయన. వాళ్లు కనిపించినప్పుడల్లా వెనక నుంచి నవ్వుల చప్పుడు. పిల్ల పడీపడీ నవ్వుతుంటే నేను మాత్రం ఫోను బోర్లా తిప్పి పక్కన పెట్టేశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల్లో ఊళ్లకు సర్కారు సినిమా బండి వచ్చేది. అప్పుడు నేను అచ్చంపేట దగ్గర ఒక ఊళ్లో కొత్తగా చేరిన నర్సమ్మను. రెండెకరాల చెలకలో ఆముదాలు వేసుకునే ఒక ముస్లిం కుటుంబం ఉండేది అక్కడ. ఆ ఇల్లాలికి నలుగురు పిల్లలు, ఒంట్లో నెత్తురు లేదు, ఇంకో కాన్పయితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆపరేషన్‌కు ఒప్పించడానికి ఆరు నెలలు వాళ్ల గడప అరిగేలా తిరిగాను. చివరికి అత్త మెత్తబడింది, భర్త సరేనన్నాడు.

మర్నాడు ఆమెను ఆపరేషన్‌కు తీసుకెళ్లే జీపు వస్తుందనగా, నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఊరందరికీ బుద్ధి చెబుదామని సినిమా బండి రప్పించాను. బడి కిటికీలకు గొంగళ్లు కట్టి మిట్టమధ్యాహ్నం గదిని చీకటి చేసి, ఆ దంపతులను గౌరవంగా ముందు చాప మీద నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. కుటుంబ నియంత్రణ మీద పావుగంట సినిమా. ట్రైనింగులో చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వినదాన్ని కాబట్టి ఏరికోరి అదే తెప్పించాను. అందులో బుద్ధిమంతుల ఇంట్లో తులసికోట, ఇద్దరు పిల్లలు. బుద్ధిలేని ఇంట్లో సుర్మా పెట్టుకున్న టోపీ మనిషి, ఇంటి నిండా పిల్లలు, ఒక్క మాటైనా మాట్లాడని బుర్ఖా భార్య. మా అమ్మ మమ్మల్ని తొమ్మిదిమందిని కన్నది, ఆ సంగతి నాకప్పుడు తట్టనే లేదు.

టోపీ మనిషి తన పిల్లల పేర్లు తానే మరిచిపోయే చోట వెనక నుంచి ఎవడో అరిచాడు, "ఏం మామా, నీ పోరగాండ్ల పేర్లు యాదికున్నయా?" గది గొల్లుమంది. నేను తేరుకుని చూసేసరికి చాప మీదున్న ఆయన లేచి, భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

మర్నాడు జీపు హారన్ మోగుతూనే ఉంది, వాళ్ల తలుపు తెరుచుకోలేదు. బయట నిలబడి బతిమాలితే లోపలి నుంచి ఆమె గొంతే వినిపించింది. "ఊరోళ్లు నవ్వితె నవ్విన్రు, నువ్వు గూడ నవ్వినవ్ గదక్కా. ఇప్పుడు నీ ఎంబడి ఒస్తె, సినిమాల జూపెట్టినోళ్లం మేమే అని ఒప్పుకున్నట్టే గద."

మరుసటి ఏడు ఐదో కాన్పులో, దవాఖానకు పోయే దారిలోనే నెత్తురు పోయి ఆమె చనిపోయింది. పసిగుడ్డు బతికింది. భర్త నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది, పాడు బతుకు.

ఇప్పుడా ఊరికి తారురోడ్డు పడింది, పిలిస్తే అంబులెన్సు వస్తుంది, కాన్పులన్నీ దవాఖానలోనే. సినిమాకు చీకటిగది అక్కర్లేదు. ఎవరికి వాళ్లు ఒంటరిగా చూసి నవ్వుకుంటున్నారు, ఆ నవ్వుకు పక్కన ఎవరి తల వాలిపోయిందో చూసే వీలే లేదు వాళ్లకు. నాకు ఆ వీలుండింది. ఆమె నాకు చేతికందేంత దూరంలో కూర్చుంది, నేను తెర వైపే చూస్తూ ఉన్నాను.