హన్మంతు పేరు దగ్గర ఆగే పెత్రమాస

పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, ఇంకా నాలుగు రోజులున్నాయి. ఇంగ్లండ్‌లో, స్టీవెనేజ్‌లోని కూతురి ఇంట్లో ఎనభై ఎనిమిదేళ్ల బాపురావు ఒక చోట కూర్చోవడం లేదు. కాసేపు కిటికీ, కాసేపు వంటిల్లు, మళ్లీ కూతురి ముందు.

"దొరికిండా బిడ్డా?"

"చూస్తున్న బాపూ. జర కూసో."

స్నేహలత జీపీ సర్జరీ అనే డాక్టరు క్లినిక్‌లో రిసెప్షనిస్టు. ఇతరుల పాత కాగితాలు వెతికి తీయడం ఆమెకు రోజూ ఉండే పనే. ఇప్పుడు వెతుకుతున్నది సొంత తాత జాడ.

బాపురావుకు ఏడాది నిండకముందే ఆయన తండ్రి హన్మంతు బొంబాయిలో ఓడ ఎక్కాడు, వంటవాడిగా. లండన్ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. తరువాత ఉలుకూ పలుకూ లేదు. తల్లి రాజవ్వ మాత్రం నలభై ఏళ్లు బొట్టు తీయలేదు. "మీ బాపు ఉన్నడు" అనేది. ఆమె పోతే ఊరంతా పసుపు కుంకుమలు పెట్టి ముత్తైదువగానే సాగనంపింది. అందుకే ఏటా పెత్రమాసనాడు పెద్దల పేర్లు చెప్పి బియ్యమిచ్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర బాపురావు ఆగిపోతాడు. ఉన్నాడని అమ్మ చెప్పినవాణ్ని పోయినవాళ్లలో ఎట్లా కలుపుతాడు?

"నూట పదిహేనేండ్లుంటయి బాపూ, తాతకు!" అని స్నేహలత నవ్వితే, "పోయిండని కాయితం సూపియ్యి" అంటాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు ఇంటింటికీ తిరిగి రాసిన జనాభా పట్టీలో మూడేళ్ల కిందటే హన్మంతు దొరికాడు. తూర్పు లండన్‌లో ఓడ మనుషులుండే ఒక వసతిగృహంలో ఉన్నాడు. అప్పటి నుంచి స్నేహలత లండన్ చుట్టుపక్కల దహనాల పట్టీలన్నీ గాలించింది. ఎక్కడా లేడు. చివరికి ఆమె కూతురు మనస్విని ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా అడిగింది.

"మమ్, వై ఓన్లీ క్రిమేషన్స్?"

"మనోళ్లను కాలుస్తరు గదనే!"

"హూ వుడ్ హావ్ టోల్డ్ దెమ్ టు క్రిమేట్ హిమ్?"

ఆ సాయంత్రమే ఖననాల పట్టీలో పేరు కనిపించింది. 1941 ఫిబ్రవరి, వయసు ముప్పై ఒకటి. దిక్కులేనివాళ్లను కలిపి పెట్టే గుంటలో, ఏడుగురిలో ఒకడు.

ఆ కాగితాన్ని రెండు రోజులు కార్డిగన్ జేబులోనే తిప్పింది. ఇది చూపిస్తే తాత పోయినట్టే. కాని ఆయన పోయాక కూడా నాయనమ్మ ముప్పై ఎనిమిదేళ్లు పెట్టుకున్న బొట్టు ఏం కావాలి? సర్జరీలో ఒకరి అపాయింట్‌మెంట్ ఇంకొకరికి రాసింది. ఇంట్లో పప్పు మాడబెట్టింది.

"ఏందే, నీ మనసు ఏడున్నది?" అన్నాడు బాపురావు.

ఇక దాచలేక చదివి వినిపించింది. ఆయన వేళ్లు మడిచి లెక్కేశాడు.

"నాకు నాలుగేండ్లప్పుడా... మరి అమ్మ..."

లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

పెత్రమాసనాడు లండన్ వెంబ్లీలోని పంతులు వీడియో కాల్‌లోకి వచ్చాడు. సంగతంతా విని, "తండ్రిగారు ముందే పోయారు కాబట్టి, తల్లిగారి భాగంలో పసుపు కుంకుమలు వద్దండి, తీసేయండి" అన్నాడు.

స్నేహలత నాయనమ్మ పేరున పెట్టిన పసుపు కుంకుమల పళ్లెం వైపు చెయ్యి చాచింది. బాపురావు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ బిడ్డా. అయ్యగారూ, అవి ఉంటయి. ఆమెకు ఎవ్వరు సెప్పలే."

పంతులు సరేనన్నట్టు తలూపి, తండ్రి పేరు చెప్పమన్నాడు.

"హన్మంతు" అన్నాడు బాపురావు. ఆగలేదు.