కాలువలో వేసిన సువార్త డేరా

ఆళ్లగడ్డలో డేరాలు కుట్టే ఏలీయాకు మంచి పేరుండేది. డెబ్బై ఎనిమిదిలో ఆ పేరు డేరాతో పాటే ఎగిరిపోయింది. విత్తనాలు పడ్డాక నంద్యాలలో ఏటా జరిగే సువార్త సభలకు ఆయనే డేరా వేసేవాడు. ఆ ఏడు పడమటి గాలి కొట్టి డేరా గుంజలతో సహా లేచి జొన్నచేలో పడింది. జనం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు కాబట్టి, ఆమెన్ అన్నాక గాని నెత్తిన డేరా లేదని తెలియలేదు.

మరుసటి ఏడు డేరా గుంటూరు నుంచి తెప్పిస్తామని సభల పెద్ద జాన్ కబురు చేశాడు. ఏలీయాకు అన్నం సయించలేదు. ఆ సభలు చేజారితే ఇక కుట్టేది గోతాలే. అసలు డేరా ఎందుకు లేచిందో తేల్చాలనుకున్నాడు. గాలి కంటికి కనపడదు, పిలిచినప్పుడు రాదు. కాలువలో నీళ్లు కనపడతాయి, పిలవకుండానే పోతుంటాయి. గాలి బేగా చేసే పనే నీళ్లు నిదానంగా చేస్తాయని ఆయన లెక్క.

కె.సి. కాలువకు నీళ్లు వదలగానే, ఏలీయా తన భార్య జీవమ్మ పాత చీర చించి బుట్టంత డేరా కుట్టి, పిల్లకాలువ అడుగున పుల్లలు పాతి కట్టాడు. గుడ్డ ఉబ్బింది. అది ఉబ్బేసరికి నీళ్లు దారి మార్చుకున్నాయి. నీళ్లు దారి మార్చేసరికి గుడ్డ ఇంకా ఉబ్బి, దడదడ కొట్టుకుని, పుల్లలు పీక్కుని పోయింది. రెండూ మొగుడూ పెళ్లాల మాదిరి ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటున్నాయని ఏలీయాకు అర్థమైంది. ఈసారి గుడ్డ నడినెత్తిన చీలికలు పెట్టి కట్టాడు. కాసేపు ఊగి కుదుటపడింది.

జాన్‌నూ కమిటీనీ పిలుచుకొచ్చాడు. వాళ్లు పంచెలు ఎగగట్టి మోకాలిలోతు నీళ్లలో దిగి, వంగి చూశారు.

"ఇందులో ప్రసంగం చెప్పే అయ్యగారు యాడున్నాడప్పా?" అన్నాడు జాన్.

"ఇది డేరాకు పరీక్షన్నా. మనుషులతో పని ల్యా."

"అయ్యగారు ల్యాకుండా సభ ఏందప్పా?"

వాదించి లాభం లేక ఏలీయా పక్క తోటలో వంకాయ కోసుకొచ్చి గుడ్డ కింద పెట్టాడు. వంకాయ నిమిషం కూడా ఆగకుండా జారుకుని కడప దిక్కు పోయింది. డేరా చెక్కుచెదరలేదు గాని, దాన్ని ఎవరూ చూడలేదు. అయ్యగారు కొట్టుకుపోయే డేరా మాకొద్దంటూ కమిటీ గట్టెక్కింది. ఏలీయా పరుగున పోయి రాయి తెచ్చి అయ్యగారి చోట పెట్టాడు. ఒక పక్క ఆడవాళ్లుగా, ఒక పక్క మగవాళ్లుగా గులకరాళ్లు పేర్చాడు. ఒక్క రాయీ కదల్లేదు. కమిటీ సంతోషించి అక్కడే ప్రార్థన చేసింది. డేరా పని ఏలీయాకే దక్కింది.

సభల రోజు గాలి రానే వచ్చింది. డేరా ఉబ్బింది, ఊగింది, చీలికల్లోంచి గాలిని పైకి వదిలేసి నిలబడింది. ఏలీయా గుంజను కావలించుకుని ఏడ్చాడు. గాలి వెనకే వాన వచ్చింది. కాలువ నీళ్లలో మునిగి పరీక్ష నెగ్గిన డేరాకు వాన సంగతి ఎట్లా తెలుస్తుంది? చీలికలన్నీ ధారలై జనం మీద పడ్డాయి. ప్రసంగం మధ్యలో వదిలేసి, అయ్యగారే అందరికంటే ముందు పరుగెత్తాడు.

జాన్ తల తుడుచుకుంటూ ఏలీయా దగ్గరికి వచ్చాడు.

"డేరా నిలబడిందిలేప్పా. మేమే నిలబడలేకపోతిమి. వచ్చే ఏడూ నువ్వే కుట్టు. ఆ బొక్కలకు ఏదన్నా చూడు."

మర్నాడు పొద్దున్నే ఏలీయా పిల్లకాలువలో ఉన్నాడు. చీలికల మీద కొత్తగా గుడ్డ రెక్కలు కుట్టాడు. గట్టు మీద నిలబడి జీవమ్మ, నీళ్లలో మునిగిన ఆ డేరా మీద చెంబుతో వాన కురిపిస్తోంది.