బొట్టు పెట్టిన స్పీకర్లు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ రెండో ఏడు చదివేవాడికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. కుప్పం కాలేజీలో నేనూ అలాంటి సర్వజ్ఞుణ్ణే. సెలవులకు పుంగనూరులో మా మామ ఇంటికి వెళ్లాను. మామ చర్చి క్వయర్‌లో లోతైన బేస్ గొంతు పాడేవాడు. అంతకుముందు అది వాళ్ల నాయన, అంటే మా తాత, పాడిన గొంతు. తాత పోయాక ఆయన పాట మిగిలింది ఒకే ఒక్క కేసెట్టులో. అందులో తాత పక్కన నిలబడి కుర్ర మామ కూడా పాడాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక మామ రెండు పాత చెక్క స్పీకర్ పెట్టెల మధ్య కూర్చుని, ఆ కేసెట్టు వేసి కళ్లు మూసుకునేవాడు. (అత్త దాన్ని నిద్ర అనేది.)

పెట్టెల్లోని స్పీకర్ల అంచులు చిరిగి తాత గొంతు బరబరమంటోంది. "డ్రైవర్లు మార్చాల మామా," అన్నాను గంభీరంగా. పెట్టె లోపలి స్పీకర్‌ను డ్రైవర్ అంటారని అప్పుడే చదివాను మరి. అత్త వంటింట్లోంచి తొంగిచూసి, "మనకు కారే లేదు గదప్పా, డ్రైవర్లు యాల?" అంది.

మరునాడే మదనపల్లె బస్సెక్కాను. అంగడాయన పెద్ద అయస్కాంతమున్న జత చూపించి, "కిటికీలు అదురుతాయి సూడప్పా," అన్నాడు. వాటిని ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చి, తీగలు అతికించడానికి కూర్చున్నాను. ప్రతి స్పీకర్‌కూ తీగలు తగిలించే రెండు కొనల్లో ఒకదాని దగ్గర ఎర్ర చుక్క ఉంది. అంగట్లో పూజ చేసి కుంకుమ బొట్టు పెట్టారనుకున్నాను. (మా ఇళ్లలో బొట్టు అలవాటు లేదు కనుక దానితో మనకేం పని అనిపించింది.) జతగా అందంగా ఉండాలని ఎర్ర తీగను ఒకదానికి కుడిపక్క, ఇంకోదానికి ఎడమపక్క అతికించాను.

పాట మొదలైంది. క్వయర్‌లోని ఆడవాళ్లందరూ చెవిలో నిలబడి పాడుతున్నారు. తాత మాత్రం లేడు.

"రేయ్, మా నాయన యాడికి పోయినాడ్రా?" అన్నాడు మామ.

"కొత్తవి గదా మామా, పోను పోను సర్దుకుంటాయి."

మామ తిట్టి ఉంటే బాగుండేది. పెట్టెకు చెవి ఆనించి తాతను వెతుక్కుంటూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో అత్త ఊడుస్తుంటే చీపురు తగిలి ఒక పెట్టె తీగ ఊడింది. ఆ పెట్టె మూగబోగానే రెండో పెట్టెలోంచి తాత గొంతు నిండుగా లేచింది! అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. అది బొట్టు కాదు, ఎర్ర తీగ ఎక్కడ అతికించాలో చెప్పే గుర్తు. నేను తీగలు తారుమారు చేయడంతో ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. మధ్యలో బేస్ చచ్చిపోతోంది. ఆ మాటే చెబితే అత్త, "మా సంసారం మాదిరే ఉండాదే!" అంది.

ఎర్ర తీగలు రెండూ బొట్ల దగ్గరికి చేర్చాను. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. మామ తువ్వాలతో కళ్లు తుడుచుకుని, "మా నాయన వచ్చేసినాడు. ఇంగ నువ్వు కుప్పానికి పోరా," అన్నాడు.

మామ ప్రభువునందు నిద్రించాక అత్త ఆ పెట్టెలను మదనపల్లెలో నేను కాపురముంటున్న ఇంటికి పంపింది. ఇప్పుడు తాత గొంతులో మామ గొంతు కలిసిపోయి, ఏది ఎవరిదో విడదీయలేకపోతున్నాను. అంచులు మళ్లీ చిరుగుతున్నాయి. ఒక్కో ఆదివారం స్క్రూడ్రైవర్ తీసి కాసేపు చేతిలో తిప్పి, మళ్లీ డబ్బాలో పెట్టేస్తాను. కేసెట్టు వేసి కళ్లు మూసుకుంటాను.

మా ఆవిడ దాన్ని నిద్ర అంటుంది.