మైకులో పడ్డ ముసల్ది

ఎల్లారెడ్డిలో పెండ్లయినా, పేరుపెట్టుడయినా, ఎవరైనా కాలం చేసినా ముందుగా కబురు వెళ్లేది సిద్దిరాములుకే. షామియానాలు, ఇనుప కుర్చీలు, వంట గిన్నెలు, పెండ్లికొడుకు కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీ, మైకుసెట్టు అన్నీ అతని దగ్గర కిరాయికి దొరికేవి. నలభై దాటిన వయసు, గట్టి గొంతు, మెత్తని మనసు. ఆ మనసు ఎక్కువగా ఇంటి ముందు రేకుల కింద నిలబెట్టిన పాత ఫియటు కారు మీదే ఉండేది.

ఆ కారును ఎనభై మూడులో ఒక రిటైరైన పశువుల డాక్టరు దగ్గర కొన్నాడు. డాక్టరు దాన్ని పాడియావులా చూసుకున్నాడు. సిద్దిరాములు మాత్రం తెచ్చిన రోజు నుంచే బాగు చేయడం మొదలుపెట్టాడు. అది బాగానే ఉందని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లోపల పైకప్పుకు షామియానా గుడ్డ కుట్టించాడు. కిటికీలకు కుచ్చుల పరదాలు కట్టాడు. లారీ హారన్ బిగించాడు. దాన్ని నొక్కితే ముందున్న బర్రెలు తప్పుకోవడం అటుంచి, వెనక దాటిపోయిన బర్రెలు కూడా తిరిగి చూసేవి. ఈ దుమ్ము రోడ్ల మీద ఇంజను ఊపిరితిత్తులు పాడవుతాయని, పెండ్లికొడుకు కుర్చీలో మిగిలిన మఖ్మల్ ముక్కను మూడు మడతలు వేసి గాలి పోయే డబ్బాలో కుక్కాడు. ఇంత పెద్ద ఎల్లారెడ్డిలో మఖ్మల్ ఫిల్టరున్న కారు తనదొక్కటేనని సంబరపడ్డాడు.

ఈ సంబరాన్ని పంచుకునే మనిషి కామారెడ్డిలో ఉన్నాడు. పేరు యాకూబు. రైల్వేస్టేషన్ దగ్గర గడియారాలు బాగు చేసేవాడు. దుబాయికి పోతూ సొంత అన్న అప్పజెప్పిన అంబాసిడర్ ఒకటి అతని దగ్గరుంది. కంటికి గడియారాల భూతద్దం తగిలించుకుని కార్బురేటర్‌లోకి తొంగిచూసే మనిషి ఈ చుట్టుపక్కల అతనొక్కడే. శుక్రవారం దుకాణం బందు. నమాజు కాగానే బస్సెక్కి ఎల్లారెడ్డికి వచ్చేవాడు. తన అంబాసిడర్‌ను ఎందుకు తీయలేదని అడిగితే, "దాన్ని తిప్పితె అరుగుతది గదా అన్నా" అనేవాడు.

ఇద్దరూ బానెట్ ఎత్తి, చెరో పక్క వంగి, చాయ్ చల్లారిపోయేదాకా మాట్లాడుకునేవారు. పికప్ ఎట్లున్నది, ప్లగ్గులు తోమినవా, బ్యాటరీల నీళ్లు చూసినవా అని ఒకరి బండి క్షేమం ఒకరు అడిగేవారు. భార్యాపిల్లల క్షేమం అడగడం గుర్తొచ్చేసరికి బస్సు వేళయ్యేది. ఫియటును ఇద్దరూ ముద్దుగా 'ముసల్ది' అనేవారు. ఆ ముద్దే కొంప ముంచింది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉంది. సిద్దిరాములు భార్య తారకు తల్లి, పేరు భూదవ్వ. డెబ్బై ఏళ్లుంటాయి. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులు ఇప్పటికీ ఊరుకోవు. అరుగు మీద చాట పెట్టుకుని కూర్చుంటే పూటలో కట్టలు కట్టలు లేచేవి. అందులో ఒకటో రెండో తనే కాల్చేది. సాయంత్రం ఒక గ్లాసు కల్లు పుచ్చుకునేది. ఈ రెండు సంగతులూ ఊరందరికీ తెలుసు.

ఎనభై ఆరులో వానలు మొదలైన రోజుల్లో ఒక శుక్రవారం, పశువులకు టీకాలు వేస్తారని ఊళ్లో చాటమని సిద్దిరాములుకు చెప్పారు. కారు మీద మైకు హారన్ కట్టి, వెనక సీట్లో యాంప్లిఫయర్ పెట్టి, యాకూబును పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. "రైతు సోదరులారా, రేపు పొద్దుగాల పశువుల దవాఖాన్ల టీకాలేస్తరు, మీ ఆవులను, బర్రెలను తోలుకొని రాండ్రి" అని నాలుగు వాడల్లో చాటాడు. అయిదో వాడ మలుపులో కారు గట్టిగా కుదిపింది. మాట అక్కడ ఆగిపోయింది. మైకును అద్దానికి తగిలించాడు. స్విచ్చి ఆపడం మరిచిపోయాడు.

"ముసల్దాని సంగతేందన్నా? మల్ల సతాయిస్తున్నదా?" అని యాకూబు అడిగాడు.

"ఏం జెప్పాలె భాయ్. పొద్దుగాల లేపితె లెవ్వది. దగ్గుతది, తుమ్ముతది, మల్ల పంటది. ఎనకకెల్లి ఇద్దరు నూకితె గాని కదలది."

"పొగ?"

"పొగ ఆపుతనే లేదు. నిన్న వాడకట్టంత పొగ జేసింది."

"మరి తాగుడు?"

"మస్తు పెరిగింది. ఎంత పోసినా సాల్తలేదు."

"పండ్లు గిట్ల అరిగినయేమో?" గేరు పండ్ల గురించి యాకూబుకు ఎప్పటినుంచో అనుమానం.

"అరిగే ఉంటయి. కిందికెల్లి ఒకటే చప్పుడు. నలుగుర్ల ఇజ్జత్ పోతున్నది."

"అమ్మెయ్యరాదె అన్నా?"

"ఎవడు కొంటడు? పాత సామాన్లోనికియ్యాలె. వాడు ముక్కలు ముక్కలు జేసి అమ్ముకుంటడు." ఇక్కడ సిద్దిరాములు స్టీరింగును ఒకసారి నిమిరాడు. "కని నాకు మనసొప్పుతలేదు భాయ్. మీద ఎంత పాడైనా, లోపల గుండె గట్టిది."

ఈ చివరి మాట సరిగ్గా వినపడి ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ అప్పటికి కారు సిద్దిరాములు సొంత వాడ దాటి బజారులోకి మళ్లింది. ఇరవై ఏళ్లుగా మైకులతో బతికిన సిద్దిరాములుకు తన గొంతు ఊరంతా మోగడం కొత్త కాదు గనుక చెవికి ఎక్కలేదు. యాకూబు మాత్రం, అన్న గొంతు ఇయ్యాల బాగా లేచిందే అనుకున్నాడు.

బజారు చివర గంగారాం అనే రైతు సైకిలును అడ్డం పెట్టి కారు ఆపాడు. చెమటలు కక్కుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సిద్దిరాములూ, గా ముసలి బర్రెను పాత సామాన్లోనికెందుకు, నాకియ్యి. పాలియ్యకున్నా మంచిదే, పెంటకు పనికొస్తది."

"ఏ బర్రె?"

"గదే, పొద్దుగాల లెవ్వదంటివి గదా. కని పొగ సంగతే నాకు సమజ్ కాలేదు."

సిద్దిరాములు మైకు వైపు చూశాడు. స్విచ్చి వైపు చూశాడు. మెల్లగా చెయ్యి చాపి ఆపాడు. అంతవరకూ ఊరి మీద మోగుతున్న ఫియటు ఇంజను చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి, బజారంతా నిశ్శబ్దమైంది. చాయ్ హోటలు ముందున్న పదిమందీ ఇటే చూస్తున్నారు.

"మన వాడల ఎవలెవలు ఇని ఉంటరు?" అని గొణిగాడు.

"హారన్ మస్తుగున్నదన్నా, అందరికి ఇనపడే ఉంటది" అన్నాడు యాకూబు. ఓదార్చాననే అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి వాడకట్టు ఆడవాళ్లంతా గోడల దగ్గర నిలబడి ఉన్నారు. తార గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తోంది. అరుగు మీద భూదవ్వ, పక్కన గుడ్డల మూట, ఒళ్లో బీడీల చాట.

"అచ్చినవా అల్లుడా" అంది ఎంతో నెమ్మదిగా. "మూట గట్టుకున్న. ఏ పాత సామాన్లోనికి అమ్ముతవో అమ్ము. ముక్కలు జేసేటప్పుడు కాళ్లు ముందుగాల కొయ్యమను, అయ్యే నొస్తున్నయి."

"అయ్యో అత్తా! నీ గురించి కాదు! కారు గురించి! దీన్నే మేం ముసల్దంటం!"

"తాగుడు పెరిగిందన్నవు."

"పెట్రోలు అత్తా!"

"పండ్లు అరిగినయన్నవు."

"గేరు పండ్లవ్వా" అని యాకూబు అందుకున్నాడు. "నమ్మకుంటె రేపు పొద్దూకేవరకు గేరు డబ్బా ఇప్పి సూపిస్త."

"ఇప్పుడు సూపియ్యుండ్రి" అంది భూదవ్వ. "లేపితె లెవ్వదంటివి గదా. ఏదీ, లేపు."

సిద్దిరాములు ఉత్సాహంగా కారెక్కి తాళం తిప్పాడు. ఊరంతా తిరిగి వేడెక్కిన ఇంజను తాకీ తాకకముందే ఝుమ్మని లేచింది. దగ్గు లేదు, తుమ్ము లేదు. మూడేళ్లలో అంత ముద్దుగా అది ఎన్నడూ పలకలేదు. ఆపి మళ్లీ తిప్పాడు. మళ్లీ లేచింది. గోడల దగ్గర ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"దగ్గుతదంటివి" అని తార గుమ్మంలో నుంచే గుర్తు చేసింది.

"నడుపు. పొగ కూడ సూస్త" అని భూదవ్వ ముందు సీట్లో ఎక్కి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. యాకూబు వెనక యాంప్లిఫయర్ పక్కన ఇరుక్కుని, మైకు తీగను పీకి జేబులో పెట్టుకున్నాడు.

లింగంపేట వైపు బయలుదేరారు. తన కారు చెడిపోవాలని సిద్దిరాములు దేవుణ్ని వేడుకోవడం అదే మొదటిసారి. గుంతలో దింపాడు, తేలికగా ఎక్కింది. గేరు తప్పుగా వేశాడు, సర్దుకుంది. వెనక నుంచి యాకూబు కూడా నోట్లోనే ఏదో దువా చదువుతున్నాడు. కారు మాత్రం పెండ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా ఒద్దికగా పోతోంది.  భూదవ్వ మధ్యలో రెండు బీడీలు చుట్టింది కూడా.

ఊరు దాటాక రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. సగం ఎక్కాక ఫియటు ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది. తర్వాత దగ్గింది. తుమ్మింది. వెనక నుంచి నల్లటి పొగ లేచి అద్దం కమ్మేసింది. వణుకుతూ, గొణుగుతూ అక్కడే నిలబడిపోయింది.

"పొగ! అత్తా, పొగ సూసినవా! అగొ, దగ్గు!" సిద్దిరాములు చిన్నపిల్లవాడిలా కేకలేస్తూ కిందికి దూకాడు. యాకూబు దూకి అతణ్ని కౌగిలించుకున్నాడు. అటుగా పోతున్న ఎడ్లబండి మనిషి బండి ఆపి, ఎత్తు మీద చెడిపోయిన కారు ముందు ఇద్దరు మగవాళ్లు అలాయ్ బలాయ్ తీసుకోవడం చూసి, ఏమీ అడగకుండా తోలుకుపోయాడు.

భూదవ్వ దిగి వెనక్కి వెళ్లి పొగను చూసింది. "నిజమే" అంది. "నాకన్న ఎక్కువనే తాగుతున్నది." ముఖం మీద కోపం తగ్గింది.

అంతటితో ఇంటికి పోయి ఉండవచ్చు. కానీ బానెట్ ఎత్తాక మిత్రులిద్దరికీ అత్త గురించిన ధ్యాస పోయింది. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు కాలినయి అని యాకూబు, కాదు పెట్రోలు పంపు అని సిద్దిరాములు వాదులాడుకున్నారు. యాకూబు భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. సిద్దిరాములు మళ్లీ స్టార్టు చేస్తే ఇంజను అతి కష్టం మీద లేచి, గురగురమంటూ ఊపిరి కోసం పెనుగులాడింది.

భూదవ్వ నోట్లో బీడీ పెట్టుకుని దగ్గరికి వచ్చింది.

"అవ్వా, పెట్రోలు! అంటియ్యకు!" అని యాకూబు అరిచాడు.

"అంటిస్తలేను తియ్యి." ఆమె తల వంచి, చెవి దగ్గరగా పెట్టి కొంతసేపు వింది. "దీనికి దమ్ము గుంజుతలేదు" అంది.

"ఏందత్తా?"

"బీడీ మరీ బిర్రుగ చుడితె ఎట్లైతది? ఎంత పీల్చినా గాలి రాదు, పొగ పొగ అయి ఆరిపోతది. నలభై ఏండ్లు ఇన్న ఈ చప్పుడు. దీని ముక్కు ఏడున్నదో సూడుండ్రి. ఎవడో మూసిండు."

యాకూబు భూతద్దం తీసి సిద్దిరాములు వైపు చూశాడు. సిద్దిరాములు నేల వైపు చూశాడు. గాలి డబ్బా మూత విప్పితే మూడు మడతల మఖ్మల్, మూడేళ్ల దుమ్ము తాగి, ఇటుకలా గట్టిపడి బయటికి వచ్చింది.

"ఇదెవలు పెట్టిండ్రు?" అంది భూదవ్వ.

"దుమ్ము పోవద్దని..." అని సిద్దిరాములు నసిగాడు.

"దుమ్ము పోలే. గాలి గూడ పోలే" అంది ఆమె.

గుడ్డ తీసేసి స్టార్టు చేస్తే కారు ఎత్తును అవలీలగా ఎక్కేసింది. పొగ జాడ లేదు. భూదవ్వ ముందు సీట్లో కూర్చుని గాలికి కొంగు ఎగరేస్తూ, "ఇంక జర జల్ది పోనియ్యి" అని లింగంపేట దాకా పోనిచ్చి, అక్కడ మిర్చిబజ్జీలు తిని వచ్చింది.  కారు బాగుపడింది, అత్త శాంతించింది, అయినా మఖ్మల్ పోయిన బాధ సిద్దిరాములు మనసులో ఒక మూల ఉండనే ఉంది.

ఈ సంగతి కామారెడ్డిలో యాకూబు నోట, ఎల్లారెడ్డిలో తార నోట పాకింది. బీబీపేట నుంచి ఒకాయన మోటార్ సైకిలు తెచ్చి అరుగు ముందు నిలిపి, "అవ్వా, జర ఇను" అని అడిగాడు. సదాశివనగర్ నుంచి ట్రాక్టరు కూడా వచ్చింది. భూదవ్వ బీడీలు చుడుతూనే వినేది. తెలిస్తే చెప్పేది, తెలియకపోతే "బండ్ల మేస్త్రి దగ్గరికి పో" అనేది. శుక్రవారం మాటల్లో ఇప్పుడు ముగ్గురు కూర్చునేవారు.

ఆ ముచ్చట విని యాకూబు మనసు ఆగలేదు. ఎన్నడూ గడప దాటించని అంబాసిడర్‌ను తుడిచి, నిమ్మకాయ కట్టి, కామారెడ్డి నుంచి దగ్గర దగ్గర మూడు గంటలు మెల్లగా నడుపుకుంటూ తెచ్చాడు. భూదవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు వింది.

"దీనికేం లేదు బిడ్డా. మంచిగున్నది."

యాకూబు ముఖం వాడిపోయింది. "ఏం లేదంటె ఎట్లవ్వా? అంత దూరంకెల్లి తెచ్చిన. మల్లొకసారి ఇను."

"ఇన్న గదా. గుండ్రాయి లెక్కున్నది."

సిద్దిరాములు మిత్రుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ బాధ అతనికి తెలుసు. ఇద్దరూ అలా దిగాలుగా నిలబడి ఉంటే భూదవ్వ వాళ్లను ఒకసారి, చాయ్ గ్లాసులు పట్టుకుని వస్తున్న కూతురిని ఒకసారి చూసింది. మళ్లీ వంగి చెవి పెట్టింది.

"ఆఁ... ఎడమ దిక్కుకు ఏందో గురగుర ఉన్నట్టే ఉన్నది" అంది.

"ఎడమకా! నేన్జెప్పలేదా అన్నా!" అన్న యాకూబు ముఖం పెట్రోమాక్స్ లైటులా వెలిగింది. తార అరుగు దాకా వచ్చేసరికి ఇద్దరి చొక్కాలూ గోడ మీదున్నాయి, నాలుగు కాళ్లు అంబాసిడర్ కిందున్నాయి.