తప్పంతా టర్బోది

మా మేనత్త ఏ మనిషినీ తప్పు పట్టగా మేం చూడలేదు. ఆవిడ దృష్టిలో లోకంలో జరిగే తప్పులన్నీ టర్బోవి.

ఆవిడకో డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే ఒక గది, గోడకు రోడ్డు గుర్తుల పటం, వాకిట్లో ఒక పాత ఎర్ర కారు. పాఠం చెప్పేదీ ఆవిడే, కారు తుడిచేదీ ఆవిడే. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడ్డాక ఆ కారు కదలడానికి కాసేపు పడుతుంది. వెనక హారన్లు మొదలవుతాయి. స్టీరింగ్ పట్టుకున్న కొత్తవాళ్ళకు ముచ్చెమటలు పడతాయి. పక్క సీట్లో అత్తయ్య మాత్రం కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి, వెనక బండివాడికి నింపాదిగా చెబుతుంది.

"టర్బో బాబూ. గాలి అందుకోవాలి. పిల్ల తప్పేం లేదు."

ఆ పిల్ల ఒక్కోసారి బుర్రమీసాల బ్యాంకు మేనేజరు కూడా అయ్యేవాడు.

టర్బో అంటే ఏమిటో మొదటి పాఠంలోనే చెప్పేసేది. "ఇంజను వదిలే పొగ ఉంది చూడు, అది ఓ చిన్న ఫ్యాను తిప్పుతుంది. ఆ ఫ్యాను ఇంజన్లోకి గాలి తోస్తుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. కానీ ఆగి ఉన్న బండిలో అంత పొగెక్కడిది? అందుకే నొక్కగానే రాదు. మెల్లగా నొక్కు, నొక్కి పట్టుకో, ఒక్క ఊపిరి తీసుకో. భయపడి వదిలెయ్యకు, అలాగని తొక్కెయ్యకు. తొక్కావంటే ఫ్యాను అందుకున్నాక ముందున్న బస్సు టికెట్ లేకుండా ఎక్కేస్తాం."

ఈ సిద్ధాంతం కారు దిగి ఇంట్లోకి కూడా వచ్చేసింది. పొద్దున పిలిచిన పిలుపుకి మావయ్య మధ్యాహ్నం పలికితే, "ఆయనకి లేటుగా అందుకుంటుందిలే" అనేది. ఒకసారి నేను ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగొచ్చాను. ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

"ల్యాగు. వీడికీ లేటుగానే అందుకుంటుంది," అంది అత్తయ్య. "ఇప్పుడడగండి, చెప్తాడు."

అడిగారు. నిజంగానే గడగడా అన్నీ చెప్పాను. ఉద్యోగం మాత్రం ఇంకెవరికో పోయింది.

నాన్నకి ఒళ్ళు మండేది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అక్కయ్యా నీ వ్యవహారం. నడపడం రానివాళ్ళందరికీ ఆ టర్బో ఒకటి దొరికింది." అత్తయ్య నవ్వేసి ఊరుకునేది.

ఇలా ఉండగా అమ్మకి లైసెన్సు అవసరం పడింది. అమ్మ నర్సు. వార్డులో నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. కదల్లేని రోగుల్ని ఇళ్ళకు వెళ్ళి చూసొచ్చే పని ఇస్తాం, కారు మాదే, లైసెన్సు మాత్రం నెలాఖరులోగా తెచ్చుకోండి అన్నారు ఆసుపత్రివాళ్ళు. తేలేకపోతే మళ్ళీ వార్డే, ఆ మోకాళ్ళతోనే. అప్పటికే అమ్మ రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ నేర్పింది నాన్న. ఆయన పాఠం చాలా చిన్నది. "నొక్కు. నొక్కమంటుంటే. అయ్యో, నీతో కాదే." పసిపిల్లలకు సూది గుచ్చేటప్పుడు కూడా వణకని అమ్మ చేతులు, వెనక హారన్ మోగితే వణికేవి.

మూడోసారి, ఆడపడుచు దగ్గర శిష్యరికం చేయడానికి సిద్ధపడింది. వెనక సీట్లో నేను కూర్చున్నాను. పచ్చ లైటు పడింది. కారు కదల్లేదు. హారన్లు.

"నావల్ల కాదు వదినా."

"నువ్వు చెయ్యాల్సింది చేశావు అమ్మాయ్. అదే ఇంకా అందుకోలేదు. పెడల్ వదలకుండా ఊపిరి తీసుకో."

అమ్మ ఊపిరి తీసుకుంది. కారు కదిలింది. "పాడు టర్బో," అని అమ్మ గొణిగింది. తనని కాకుండా ఇంకోదాన్ని తిట్టుకోవడం ఆమె నోట నేను వినడం అదే మొదలు.

వారం తిరక్కుండా అమ్మ బజారు రోడ్డులో కూడా నడిపేసింది. సిగ్నళ్ళ దగ్గరే ఇంకా కాస్త తడబాటు. ఇంత నేర్చుకున్న మనిషికి ఆ టర్బో అడ్డం పడటమేమిటని, పరీక్ష ముందురోజు కారు కడిగించుకొస్తానని చెప్పి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తి లోపలికి చూశాడు, నావైపు చూశాడు, మళ్ళీ లోపలికి చూశాడు.

"దేన్ని బాగుచెయ్యమన్నారు?"

"టర్బోని. లేటుగా అందుకుంటోంది."

"ఈ బండికి అది లేదు బాబూ."

"ఊడిపోయిందా?"

"పుట్టినప్పటి నుంచీ లేదు. సరిగ్గా నొక్కితే పోతుంది. భయంభయంగా కాలు ఆనిస్తే ఏ బండైనా నిలబడే ఉంటుంది."

తిరిగొచ్చేసరికి అత్తయ్య గోడ మీది పటం తుడుస్తోంది. సంగతి చెప్పాను. ఆవిడ గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదు."

"పరీక్ష అయ్యేదాకా చెప్పకు. అయ్యాక అసలే చెప్పకు."

"మరి నేను నేర్చుకున్నప్పుడు కూడా కారు కదిలేది కాదు కదా అత్తయ్యా?"

"నీది చాలా పెద్ద టర్బోరా."

తర్వాత కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "మీ నాన్న మద్దెల ఓడంటాడు చూడు, అననీ. మద్దెల ఓడంటే గానీ అడుగు పడనివాళ్ళు ఉంటార్రా. హారన్ మోగగానే మనిషి తనని తనే తిట్టుకుంటాడు. తిట్టుకునేవాడికి కాలెక్కడుందో తెలీదు. ఆ తిట్లు కాసేపు బండికి తగలనిస్తే వాడి కాలు వాడి మాట వింటుంది."

నాకు నేర్పినవాళ్ళందరూ గుర్తొచ్చారు. తప్పెవరిదో ముందు తేల్చి ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టినవాళ్ళే ఎక్కువ. తప్పంతా లేని వస్తువు మీదికి నెట్టి, మనిషిని తేలిగ్గా కూర్చోబెట్టింది అత్తయ్య ఒక్కతే. ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. అది నోటిదాకా వచ్చేలోపే, కారు కడిగించావా లేదా అని అడిగింది. కడిగించలేదు.

మర్నాడు అమ్మ పక్క సీట్లో పరీక్ష పెట్టే అధికారి కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర అత్తయ్యా నేనూ నిలబడి చూస్తున్నాం. పచ్చ లైటు పడింది. ఎర్ర కారు కదల్లేదు. వెనక వ్యానువాడు హారన్ మోగించాడు. అమ్మ చెయ్యి కిటికీలోంచి బయటికొచ్చింది. వ్యానువాడికి ఏదో చెప్పి, చెయ్యి లోపలికి తీసుకుంది. తర్వాత కారు ఎక్కడా కుదుపు లేకుండా సాగిపోయింది.

పరీక్ష పెట్టిన అధికారి కాగితం మీద సంతకం చేసి అత్తయ్య చేతికిచ్చాడు. "మీ టర్బో బాగా పనిచేస్తోందండీ," అన్నాడు మొహంలో ఏ భావమూ లేకుండా.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కొత్త కారు అమ్మే స్వయంగా నడుపుకుంటూ ఇంటికొచ్చింది. మేమంతా వాకిట్లోకి వెళ్ళాం.

"వదినా, ఎంత హాయిగా ఉందో చూడు. దీనికి ఆ పాడు టర్బో లేదు. ఇలా నొక్కగానే అలా పోతోంది."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని బండి వెనక్కి వెళ్ళాడు. అక్కడ అద్దం కింద ‘టర్బో’ అని తళతళలాడే అక్షరాలున్నాయి. ఆయన వంగి చదివి తలెత్తేలోపే అత్తయ్య వెళ్ళి ఆ అక్షరాలకు వీపు ఆనించి నిలబడింది.

"అవును అమ్మాయ్, కొత్త బండ్లకి తీసేస్తున్నారు," అంది.

నాన్న నోరు తెరిచాడు. ఆవిడవైపు చూశాడు, నావైపు చూశాడు, స్టీరింగ్ మీద చేతులేసుకుని వెలిగిపోతున్న అమ్మవైపు చూశాడు. ఆయనకు అందుకోవడానికి కాసేపు పట్టింది.

"అవునవును, కొత్తవాటికి ఉండదు," అన్నాడు.