తెల్లగీత

ఆ ఫర్నిచర్ కొట్టు ఆఫీసులో ఆయన్ని అందరూ అంచుల మాస్టారు అంటారు. పేరు పెట్టింది వాళ్లు కాదు, తనకు తానే తగిలించుకున్నాడు. ఫోటోలో కుర్చీ వెనకున్న గోడనీ నేలనీ తీసేసి, కుర్చీని మాత్రం మిగిల్చి వెబ్‌సైట్‌కి పంపడం ఆయన ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా అదే పని. ఫోనెత్తే ఆవిడ మొదలుకుని లారీ డ్రైవరు దాకా ఎవరు దొరికినా సరే, "అంచు తీయడమంటే మాటలనుకున్నారా?" అంటూ క్లాసు పీకేవాడు.

సోమవారం నాడు యజమాని వెబ్‌సైట్‌కి వెనకున్న తెలుపు రంగు తీయించి నలుపు వేయించాడు. అంతే, మాస్టారి బండారం బయటపడింది. మూడు వందల కుర్చీల చుట్టూ సన్నటి తెల్లగీత, సుద్దముక్కతో గీసినట్టు.

"మాస్టారూ, ఏంటండీ ఇది? ఈ గీత శనివారంలోగా పోవాలి. లేదంటే బొమ్మల్ని దానంతటదే కత్తిరించే సాఫ్ట్‌వేర్ ఒకటుందట, అది తెప్పిస్తాను" అన్నాడు యజమాని.

మాస్టారు గంభీరంగా, "నెట్‌లో తేడా ఉంది సార్" అన్నాడు. మంగళవారం నెట్ మనిషి వచ్చి, ఏ తేడా లేదని తేల్చి వెళ్లాడు. బుధవారం తప్పు మానిటరుదైంది; దాన్ని తుడిచి తుడిచి అద్దంలా మెరిపించాడు, గీత ఇంకా బాగా కనబడింది. గురువారం బొమ్మను పెద్దది చేసుకుని, ఒక కుర్చీ అంచుని లోపలికి చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కి పంపితే మళ్లీ గీత, మళ్లీ చెక్కుడు. సాయంత్రానికి కుర్చీకాళ్లు అగ్గిపుల్లల్లా తయారయ్యాయి గానీ గీత చెక్కుచెదరలేదు.

శుక్రవారం పొద్దున ఇంట్లో ఫోనులో ఆ కుర్చీ బొమ్మను ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. బట్టలు కుట్టే ఆయన భార్య మెషీన్ ఆపి తొంగి చూసింది.

"మీరు దీన్ని తెల్లగుడ్డ మీద పరిచి కత్తిరించారేంటి?"

"గుడ్డేంటే? ఇది కంప్యూటరు."

"ఏదైతేనేం! తెల్లగుడ్డతో కలిపి కత్తిరిస్తే అంచుకి తెల్లపీచు అంటుకునే వస్తుంది. తెల్లచీర మీద కుడితే ఎవరికీ తెలీదు. నల్లచీర మీద కుడితే ఊరంతటికీ కనబడుతుంది."

మాస్టారు కాఫీ కూడా తాగకుండా ఆఫీసుకి పరిగెత్తాడు. బొమ్మను బయటికి పంపే చోట, ఓ మూల చిన్న గడి ఉంది: అంచులు ఏ రంగులో కలవాలి? దాని ఎదురుగా 'తెలుపు'. ఎనిమిదేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో తన చేత్తో తనే పెట్టాడు. ఆ తర్వాత అటువైపు చూసిన పాపాన పోలేదు. 'ఏదీ వద్దు' అని మార్చి, బొమ్మలన్నీ మళ్లీ పంపాడు. గీత మాయమైంది.

భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. "నావల్లే జరిగిందని మీ యజమానితో ఒక్క ముక్క చెప్పెయ్యండి, పోతుంది" అందామె. "నీకేం తెలీదు, ఊరుకో" అన్నాడీయన.

శనివారం యజమాని వెబ్‌సైట్ చూసి సంతోషించాడు. "భేష్! ఇంతకీ తప్పెక్కడ జరిగింది మాస్టారూ?"

"అంతా సాఫ్ట్‌వేర్ చేసిన పనే సార్. అది ఎలా ఇస్తే బొమ్మ అలా వస్తుంది. మన చేతిలో ఏముంటుంది చెప్పండి?"

యజమాని తలూపాడు. "నాకూ అదే అనుమానం మాస్టారూ. మీ చేతిలో ఏమీ లేనప్పుడు పాపం మీకెందుకండీ ఈ శ్రమ?"

"అది కాదు సార్, నిజానికి ఆ గడిలో తెలుపు పెట్టింది నేనే..." అని మాస్టారు నసిగేలోపే యజమాని ఫోను చెవికి ఆనించాడు.

"హలో, ఆ కత్తిరించే సాఫ్ట్‌వేర్ అన్నారు కదా, పంపించెయ్యండి."