నాగవేణికి ఓబులేసు ఏమవుతాడు?

1998 జనవరిలో కృత్రిమ మేధ పరిచయ కోర్సును నాకు అప్పగించారు. బెంగళూరులో హోసూరు రోడ్డు మీద ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల; నేను కంప్యూటర్ విభాగంలో సీనియర్ లెక్చరర్‌ని. తక్కినవాళ్లంతా జావా చెప్పడానికి పోటీలు పడుతున్నారు, అది చెబితే సాయంత్రం ట్యూషన్లు దొరుకుతాయి కనుక. ఎవరికీ అక్కర్లేనిది నాకు మిగిలింది. మనుషులకే లేనిది మిషన్లకు నేర్పిస్తారా మేడమ్ అని మా విభాగాధిపతి స్టాఫ్ రూములో నవ్వాడు. ముందు మీతోనే మొదలుపెడతానన్నాను. నా ప్రమోషన్ ఆగడానికి అదొక్కటే కారణం కాదు లెండి.

ల్యాబ్‌లో ప్రోలాగ్ అనే భాష వాడేవాళ్లం. ఇందులో లెక్క ఎలా చేయాలో యంత్రానికి చెప్పం. తెలిసిన నిజాలనూ, వాటిని కలిపే సూత్రాలనూ రాసి ప్రశ్న వేస్తాం. అది జవాబు వెతుకుతుంది. సెమికోలన్ కొడితే ఇంకో జవాబు ఉందేమో చూస్తుంది, లేకపోతే ‘నో’ అంటుంది. ఎక్కడైనా మొదటి అభ్యాసం చుట్టరికాలే. మా మాన్యువల్‌లో ఏదో విదేశీ పుస్తకం నుంచి దింపిన జాన్, మేరీల కుటుంబం ఉండేది. ఏటా పిల్లలు దాన్నే బట్టీపట్టి అప్పగించేవారు. జాన్‌కి ఎవరేమైతే మీకేం ఒరుగుతుంది, మీ ఇళ్లు రాయండి అన్నాను.

నాగవేణి రాసింది. వాళ్లది కదిరి వైపు నుంచి వచ్చి మడివాళలో స్థిరపడ్డ కుటుంబం. తండ్రి ఓబులేసు ఇళ్లు కట్టే మేస్త్రీ. ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్‌లోనే ఆమెను ఎంపిక చేసింది. షరతు ఒకటే: చివరి సెమిస్టర్‌లో ఏ పరీక్షా తప్పకూడదు.

ప్రాక్టికల్ పరీక్షకు ఇద్దరు పరీక్షాధికారులు ఉంటారు. కోర్సు చెప్పిన లెక్చరర్ ఇంటర్నల్. విశ్వవిద్యాలయం వేరే కళాశాల నుంచి పంపేవాడు ఎక్స్‌టర్నల్. మార్కుల షీటు మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. నిబంధనల్లో ఇద్దరూ సమానం. ఆచరణలో ఎక్స్‌టర్నల్ మగపెళ్లివారితో సమానం. ఆ ఏడు వచ్చిన ప్రొఫెసర్ బెంగళూరులో తరాలుగా ఉంటున్న తెలుగాయన. మా కళాశాల గుర్తింపును పరిశీలించే కమిటీలో కూడా ఉన్నాడు. అందుకని ప్రిన్సిపాలే గేటు దాకా ఎదురెళ్లాడు.

నాగవేణి తీసిన ప్రశ్న చీటీలో చుట్టరికాల ప్రోగ్రామే వచ్చింది, ‘తగిన డేటాతో నడిపి చూపండి’ అని. ఆమె తన ఇల్లే ఎక్కించి, ఓబులేసు నాగవేణికి ఏమవుతాడని అడిగింది. ‘తండ్రి’ అని వచ్చింది. ప్రొఫెసర్ సెమికోలన్ కొట్టాడు. మాన్యువల్ ప్రకారం అక్కడ ‘నో’ రావాలి. ‘అమ్మమ్మ తమ్ముడు’ అని వచ్చింది.

“ఏమమ్మా, మీ నాయన ఒకడేనా, ఇద్దరా?”

వెనక నిలబడ్డ పిల్లలు నవ్వారు. నాగవేణి తల దించలేదు.

“ఒకడే సార్. వరసలు రెండుండాయి. మా అమ్మను ఆమె మేనమామకే ఇచ్చినారు.”

ఆయన వినలేదు. ఫలితం తప్పు అని రాసి, ప్రోగ్రాం నడిపినందుకు వేయాల్సిన మార్కుల దగ్గర సున్నా చుట్టాడు. ఆ సున్నాతో పిల్ల తప్పినట్టే.

నేను ఊరుకునే మనిషిని కాను. ఉన్న జవాబులన్నీ చూపడమే ఆ భాష పని, ఇది ఒకటి చూపి ఊరుకుంటేనే తప్పయ్యేదని వివరించాను. ఆయన మాన్యువల్ పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. అప్పుడు అడిగాను.

“మీ ఇంటావిడ మీకేమయ్యేది సార్, పెళ్లికి ముందు?”

“అక్క కూతురే. అయితే ఏమిప్పుడు?”

“మీ పిల్లలు ఈ ప్రోగ్రాం రాస్తే ఏమొస్తుంది?”

“అది నా సంసారం మేడమ్, ఇది పరీక్ష. ఇట్లాంటివి ఇంట్లో ఉంటాయి, సిలబస్‌లో ఉండవు.”

అంటే ఆయనకు తెలియక కాదు. సంతకం పెట్టనన్నాను. ఇంటర్నల్ సంతకం లేకపోతే షీటు చెల్లదు. వివాదాన్ని విశ్వవిద్యాలయానికి నివేదించాలి. నేను ఆశ పెట్టుకున్నది దాని మీదే.

ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఒక్క పిల్ల కోసం కళాశాల గుర్తింపును పణం పెడతారా అన్నాడు. ఒక్క పిల్ల కోసం కూడా నిలబడలేని కళాశాలకు గుర్తింపెందుకన్నాను. ఆయన వెంటనే ఇంటర్నల్ అస్వస్థత వల్ల వెళ్లిపోయారని రాయించి, జావా చెప్పే ఒకాయన్ను నా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన ఆ ప్రోగ్రాం చూడనైనా చూడకుండా సంతకం పెట్టాడు. నేను విశ్వవిద్యాలయానికి రాసిన ఫిర్యాదుకు జవాబు వచ్చింది: ఆ పరీక్షకు మీరు పరీక్షాధికారి కారు.

నాగవేణి ఆరు నెలల తర్వాత మళ్లీ రాసింది. జాన్, మేరీలను అప్పగించి మంచి మార్కులతో పాసయింది. కంపెనీ అప్పటిదాకా ఆగలేదు. ధ్రువపత్రం తీసుకోవడానికి వచ్చినప్పుడు ఏం చేస్తున్నావని అడిగాను. మడివాళలో ఒక ట్యూషన్ సెంటర్లో పిల్లలకు టైపింగ్ నేర్పుతున్నానంది. నా మీద కోపమేమైనా ఉందా అని అడిగితే, “మీరేం చేస్తారు మేడమ్, మిమ్మల్నే కుర్చీలోంచి లేపేసినారు కదా” అని వెళ్లిపోయింది.

అప్పటిదాకా నా సంతకం లేకుండా పని జరగదనుకున్నాను. జరుగుతుంది, సంతకం చేసే మనిషిని మారుస్తారు, అంతే. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అదే కోర్సు చెప్పి, పదవీ విరమణ వయసు రాకముందే మానేశాను. ప్రతి బ్యాచ్‌కూ మొదటి ల్యాబ్‌లోనే చెప్పేదాన్ని: మీ ఇళ్లు రాయండి, సెమికోలన్ కొట్టి అన్ని జవాబులూ చూడండి, పరీక్ష రోజున మాత్రం మొదటి జవాబు దగ్గరే ఆగిపోయేలా రాయండి. ఎవరూ ఎందుకని అడగలేదు. అందరూ పాసయ్యారు.